తెల్ల పొడా, ఎర్ర పొడా? ఎండతో హైడ్రోజన్ తీయడానికి ఏది మేలు

వరంగల్ చెల్క నేలలకు ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. హనుమకొండలో రసాయనశాస్త్రం చెప్పే నన్ను విద్యార్థులు తరచూ అడుగుతారు: "సార్, ఎండకు కొదవ లేదు, ఎర్రమట్టికీ కొదవ లేదు. ఇక నీటి నుంచి హైడ్రోజన్ తీయడానికి టైటానియం ఎందుకు?"

అడగవలసిన ప్రశ్నే. గోడల రంగుల్లో కలిపే తెల్ల పొడి టైటానియం డయాక్సైడ్. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా కాంతితో నీటిని విడగొట్టి చూపింది దీనితోనే. కానీ దాని శక్తి అంతరం, అంటే అందులోని ఎలక్ట్రాన్‌ను లేపడానికి కాంతికి ఉండాల్సిన కనీస శక్తి, దాదాపు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అతినీలలోహిత కిరణాలు తప్ప మరేవీ దానికి పనికిరావు, ఎండలో వాటి వాటా 5 శాతం వరకే. ఎర్ర పొడికి, అంటే హెమటైట్ అనే ఐరన్ ఆక్సైడ్‌కు, 2.1 చాలు. నీలం, ఆకుపచ్చ కాంతులను కూడా పీల్చుకుంటుంది.

అయితే పీల్చుకున్న కాంతి అక్కరకు రావాలి కదా! కాంతి తగిలి ఎలక్ట్రాన్ లేచిపోతే దాని చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ ఉపరితలానికి చేరితేనే నీటి నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది. హెమటైట్‌లో అది 2 నుంచి 4 నానోమీటర్లు కదిలేలోపే ఎలక్ట్రాన్‌తో మళ్ళీ కలిసిపోతుంది. కాంతి ఇంకడానికి మాత్రం వంద నానోమీటర్లకు పైగా మందం కావాలి. అందుకే దాన్ని సన్నని నిలువు కడ్డీలుగా పెంచుతారు: కాంతి పొడవునా దిగుతుంది, ఖాళీ అడ్డంగా రెండడుగులు వేసి నీటిని చేరుతుంది. ఎంత అందమైన ఉపాయం!

ఇంకో లోపాన్ని మాత్రం ఏ నానో రూపమూ తీర్చలేదు. హెమటైట్‌లోని ఎలక్ట్రాన్‌కు హైడ్రోజన్‌ను పుట్టించేంత శక్తి ఉండదు, బయటి నుంచి వోల్టేజి ఇవ్వాలి. ఆ పొడిని నీళ్ళలో కలిపి ఎండలో పెడితే హైడ్రోజన్ రాదు.

కాబట్టి కళాశాల ప్రయోగానికి తెల్ల పొడే మేలంటాను. కాస్త ప్లాటినం, మిథనాల్ చేర్చి అతినీలలోహిత దీపం కింద ఉంచితే హైడ్రోజన్ వస్తుంది. అయితే ఆ ఖాళీలను నింపేది నీరు కాదు, మిథనాలే; అది ఖర్చవుతోందని నివేదికలో రాయాల్సిందే. దాన్ని నీటి విభజన అంటే నేను ఒప్పుకోను.

రామగుండం ఎరువుల కర్మాగారం సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్‌కు బదులు కావాలంటే ఈ రెండూ చాలవు. జపాన్‌లో అల్యూమినియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్ అనే మరో పొడిని 100 చదరపు మీటర్ల మేర పరిచినా, 2021లో ప్రకటించిన గరిష్ఠ సామర్థ్యం, అంటే ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారిన వాటా, 0.76 శాతమే. అదే రామగుండం జలాశయంపై 100 మెగావాట్ల సౌరఫలకాలు తేలుతున్నాయి. అలాంటి ఫలకాల కరెంటుతో నీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే 10 శాతం దాటుతుంది. నేడు కర్మాగారానికి నేను చూపే దారి అదే. హెమటైట్‌ను సౌరఘటంతో జతచేసి వోల్టేజి లోటు పూడ్చే పనిని పరిశోధనకు ఎంచుకునే విద్యార్థిని మాత్రం మనస్ఫూర్తిగా ప్రోత్సహిస్తాను.