పోస్ట్‌గ్రెస్‌లో లక్షల రికార్డులు ఎక్కించడం: రాయగడ మందుల టోకు వ్యాపారం నుంచి ఒక సమీక్ష

రాయగడ నుంచి గుణుపురం, పర్లాకిమిడి దాకా చిల్లర దుకాణాలకు మందులు పంపే మా టోకు సంస్థ సరుకు లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. వాటిని చూసుకునే పని నాది. రోజువారీ బిల్లుల విషయంలో దాని మీద చెప్పుకోదగిన ఫిర్యాదు లేదు కనుక ఆ సంగతి వదిలేస్తున్నాను. కంపెనీల నుంచి వచ్చే ధరల పట్టికలు, బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు ఒకేసారి లక్షల్లో ఎక్కించవలసి వచ్చినప్పుడు అది ఎలా నడుచుకుంటుందన్నదే ఈ సమీక్ష. ఐదింటికి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఎక్కింపు నెమ్మదించినప్పుడు కాలం ఎక్కడ ఖర్చవుతోందో అది దాచకుండా చెబుతుంది. కాకపోతే అడిగితేనే చెబుతుంది, ఎక్కడ అడగాలో మనమే తెలుసుకోవాలి.

అడగవలసిన మొదటి చోటు పీజీ స్టాట్ యాక్టివిటీ అనే వ్యూ (డేటాబేస్ తన ప్రస్తుత స్థితిని టేబుల్‌లా చూపించే చోటు). ఎక్కింపు నడుస్తుండగా డేటాబేస్‌కు వేరే సెషన్ (కనెక్షన్) తెరిచి, ఆ వ్యూలో దేని కోసం ఆగి ఉన్నదీ చెప్పే వెయిట్ ఈవెంట్ కాలమ్‌ను కొన్ని సెకన్ల తేడాతో పదేపదే చూస్తే, ఎక్కువసార్లు కనిపించే పేరే రోగం పేరు. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన దిగుమతి ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు అక్కడ మాటిమాటికీ వాల్ సింక్ (మార్పులను ముందుగా రాసుకునే వాల్ అనే లాగ్ డిస్క్‌కు చేరేదాకా ఆగడం) అని కనిపించేది. ఆ ప్రోగ్రామ్ ఒక్కో రికార్డుకు ఒక్కో ఇన్సర్ట్ (రికార్డు చేర్చే కమాండ్) పంపి వెంటనే కమిట్ చేస్తుంది, అంటే మార్పును ఖాయం చేస్తుంది. కమిట్ చేసిన ప్రతిసారీ లాగ్ నిజంగా డిస్క్ మీద పడిందని తేలేదాకా డేటాబేస్ ఆగుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది కాబట్టి, మధ్యలో క్యాష్ (తాత్కాలిక మెమరీ) ఆదుకోకపోతే ఒక సెషన్‌కు సెకనుకు ఇంచుమించు అన్ని కమిట్లే దక్కుతాయి; ఆ లెక్కన 10 లక్షల రికార్డులకు రెండుంబావు గంటలు దాటుతుంది. ప్రోగ్రామ్ సెట్టింగుల్లో కొన్ని వేల రికార్డులకు ఒక కమిట్ చొప్పున మార్చగానే ఆ పేరు కాలమ్‌లోంచి దాదాపు మాయమైంది.

విశాఖపట్నంలోని సర్వర్‌కు ఇక్కడి నుంచి ఎక్కించినప్పుడు మాత్రం ఆ మార్పు పెద్దగా ఉపయోగపడలేదు. "సర్వర్‌లో ర్యామ్ చాలదండీ, పెంచండి" అని సాఫ్ట్‌వేర్ అమ్మినవారి సిబ్బంది ఫోన్‌లో సలహా ఇచ్చారు. కాలమ్‌లో కనిపిస్తున్నదేమో క్లయింట్ రీడ్, అంటే డేటాబేస్ చేతులు కట్టుకుని తరువాతి రికార్డు కోసం ఎదురుచూస్తోంది. ఒక్కో రికార్డు వెళ్లి జవాబు తిరిగి రావడానికి 20 మిల్లీసెకన్లు అనుకున్నా 10 లక్షలకు 20,000 సెకన్లు, అంటే ఐదున్నర గంటలు. ర్యామ్ ఎంత పెంచినా ఇందులో ఒక్క నిమిషమూ తగ్గదు.

ఈ రెండు రోగాలకూ మందు కాపీ కమాండ్. ఫైలు మొత్తాన్ని ఒకే ప్రవాహంగా తీసుకుంటుంది కాబట్టి రాకపోకల ఖర్చు ఉండదు, చివర కమిట్ ఒక్కటే. 2021లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి ఎన్ని బైట్లు, ఎన్ని రికార్డులు పూర్తయ్యాయో చూపించే వ్యూ కూడా ఉంది. అయితే కాపీకి ఓర్పు తక్కువ. ఒక్క తేదీ తప్పుగా ఉన్నా మొత్తం ఎక్కింపు రద్దవుతుంది. 2024 నాటి 17వ వెర్షన్‌లో తప్పుడు రికార్డులను దాటవేసే సదుపాయం ఇచ్చారు కానీ, అది డేటా రకం కుదరని చోట్లకే పరిమితం. మా దుకాణదారుల పేర్లు ఒడియాలో కొన్ని, తెలుగులో కొన్ని ఉన్న ఫైలును ఎవరైనా యూటీఎఫ్-8 కాకుండా మరో ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) సేవ్ చేసి పంపితే ఆ సదుపాయం ఆదుకోదు. కాలమ్‌లన్నీ టెక్స్ట్‌గా ఉన్న అన్‌లాగ్డ్ టేబుల్‌లోకి (దీని మార్పులు వాల్‌లోకి వెళ్లవు) ముందు ఎక్కించి, అక్కడ సరిచూసి అసలు టేబుల్‌కు మార్చడమే నాకు నచ్చిన పద్ధతి.

నేను తగ్గించిన ఒక మార్కు ఫారిన్ కీల విషయంలో, అంటే ఒక టేబుల్‌లోని రికార్డు మరో టేబుల్‌లోని రికార్డును పేర్కొనే కట్టుబాట్ల విషయంలో. కొత్త సరుకు ఎక్కించే ముందు, ఒక్క అమ్మకం కూడా జరగని పాత బ్యాచ్‌లను మేము తీసివేస్తాము; నెమ్మదిగా ఉన్నది ఎక్కింపేనని అందరూ అనుకుంటుండగా నిజానికి కాలమంతా ఈ తీసివేతలోనే పోతోంది. ఒక బ్యాచ్‌ను తీసేటప్పుడు దాన్ని పేర్కొన్న అమ్మకం ఏదైనా ఉందేమోనని డేటాబేస్ అమ్మకాల టేబుల్‌ను వెతుకుతుంది. పోస్ట్‌గ్రెస్, ఫారిన్ కీ ప్రకటించినంత మాత్రాన, పేర్కొనే వైపు (ఇక్కడ అమ్మకాల టేబుల్‌లోని) కాలమ్‌కు తనంతట తాను ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి వాడే సూచిక, కట్టదు. అందువల్ల తీసివేసే ప్రతి బ్యాచ్‌కూ టేబుల్ మొత్తం చదువుతుంది. మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ అనే నిల్వ ఇంజన్ ఆ ఇండెక్స్‌ను తానే కడుతుంది. తీసివేసే డిలీట్ కమాండ్ ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అని చేర్చి నడిపితే, నిజంగా తీసివేత జరిగి, చివరి పంక్తుల్లో ఆ ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ పేరుతో సహా, ఈ వెతుకులాట చేసే ట్రిగ్గర్‌కు పట్టిన కాలం కనిపిస్తుంది. మా దగ్గర మొత్తం కాలంలో సింహభాగం ఆ ఒక్క పంక్తిదే. ఒక ఇండెక్స్ కట్టడంతో అది తీరిపోయింది. ఇండెక్స్‌లన్నీ తీసేసి ఎక్కించమనే సలహా ఖాళీ టేబుల్‌కు బాగానే పనిచేస్తుంది గానీ, కోట్ల రికార్డులున్న టేబుల్‌కు మరికొన్ని వేలు చేర్చేటప్పుడు తిరిగి కట్టడానికే ఎక్కువ కాలం పడుతుంది.

సెట్టింగుల గురించి చెప్పవలసింది కొంచెమే. చెక్‌పాయింట్ల (మెమరీలోని మార్పులను డిస్క్‌కు రాసే ఘట్టాల) మధ్య వాల్ ఎంత పెరగవచ్చో చెప్పే మ్యాక్స్ వాల్ సైజ్ మొదట 1 జీబీ ఉంటుంది. పెద్ద ఎక్కింపుకు అది చాలనప్పుడు చెక్‌పాయింట్లు మరీ తరచుగా వస్తున్నాయని సర్వర్ లాగ్‌లో హెచ్చరిక వస్తుంది, దాన్ని పెంచమన్న సూచనా అక్కడే ఉంటుంది. ఇండెక్స్ కట్టేటప్పుడు వాడే మెయింటెనెన్స్ వర్క్ మెమరీ 64 ఎంబీ. ఈనాటి యంత్రాలకు అది పీనాసితనమే. ఎక్కింపు ముగిశాక ఎనలైజ్ (టేబుల్ గణాంకాలను తాజాపరిచే కమాండ్) నడపకపోతే తరువాతి క్వెరీలు దారి తప్పవచ్చు.

ఎఫ్‌సింక్ (రాసినది నిజంగా డిస్క్‌కు చేరేలా చూసే సెట్టింగ్) ఆపేస్తే వేగం పెరుగుతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. గాలివానకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మా వైపు ఆ సలహా పాటిస్తే డేటాబేస్ మొత్తం చెడిపోయే ప్రమాదం ఉంది. దిగుమతి ప్రోగ్రామ్‌ను మార్చే వీలు లేనివారు ఆ సెషన్ వరకు సింక్రనస్ కమిట్ (కమిట్ డిస్క్‌కు చేరేదాకా ఆగే సెట్టింగ్) ఆపుకోవచ్చు; కరెంటు పోతే చివరి కమిట్లు కొన్ని, మామూలు సెట్టింగులతో ఇంచుమించు 0.6 సెకన్లలోవి మాత్రమే పోతాయి, వాటిని ఫైలు నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు.