టెలిగ్రామ్‌లో మెసేజ్ పెడితే మోటారు తిరుగుతుంది: నాలుగేళ్ల అనుభవం

నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మానాన్నలు తణుకు దగ్గర పల్లెలో. మోటారు స్విచ్ పెరటి చివర ఉంటుంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఆ ఒక్క స్విచ్ కోసమే ఇదంతా పెట్టాను: రాస్ప్‌బెర్రీ పై 3బి అనే చిన్న కంప్యూటర్, అది చెప్పినట్టు కరెంటు వేసి ఆపే ఒక రిలే బోర్డు, టెలిగ్రామ్ బాట్ (మెసేజ్‌లకు మనిషికి బదులు ప్రోగ్రామ్ జవాబిచ్చే ఖాతా). వరండా లైటు తర్వాత చేరింది.

మా ఊరి నెట్‌కు సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే ఇంటర్నెట్ చిరునామా) లేదు, బయటి నుంచి ఇంట్లోకి రావడం కుదరదు. బాట్ అయితే ఆ గొడవే లేదు. ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరే "నాకేమైనా మెసేజ్ వచ్చిందా" అని టెలిగ్రామ్ సర్వర్‌ను అడుగుతూ ఉంటుంది. రౌటర్‌లో ఏమీ మార్చలేదు. స్లాష్ కమాండ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి కాబట్టి అమ్మ కోసం "మోటారు వెయ్యి", "మోటారు ఆపు" అని తెలుగు బటన్లు పెట్టాను. బాట్ పేరు తెలిస్తే ఎవరైనా మెసేజ్ పెట్టొచ్చు, అందుకని మా ముగ్గురి ఐడీలకే పనిచేసేలా రాశాను.

మొదటి వేసవిలోనే దెబ్బ తగిలింది. ఒకరోజు పొద్దున నెట్ లేదు. నేను "వెయ్యి" అని పంపాను, జవాబు లేదు. అమ్మే వెళ్లి మోటారు వేసి, ఆపి వచ్చింది. రాత్రి రెండింటికి నెట్ వచ్చింది. చదవని మెసేజ్‌లను టెలిగ్రామ్ 24 గంటల దాకా దాచి ఉంచుతుంది. మా బాట్ పొద్దుటి మెసేజ్ తీసి చదివి, బుద్ధిగా మోటారు వేసింది! తెల్లారేసరికి పెరడంతా చెరువు. తప్పు నా కోడ్‌దే. ఇప్పుడు నిమిషం దాటిన మెసేజ్‌ను పక్కన పడేస్తుంది. ఎవరూ ఆపకపోయినా 25 నిమిషాలకు మోటారు దానంతటదే ఆగుతుంది.

ఇంకోసారి "ఆగింది" అని జవాబిచ్చింది గానీ మోటారు తిరుగుతూనే ఉంది. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉంటుంది. ఒక హెచ్‌పీ మోటారు స్టార్టయ్యేటప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ లాగుతుంది, దాంతో రిలే లోపల కరెంటును కలిపి విడదీసే కాంటాక్టులు అతుక్కుపోయాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి కాంటాక్టర్ (మోటార్ల లోడ్‌ను తట్టుకునే పెద్ద రిలే లాంటిది) బిగించాడు. ఇప్పుడు రిలే పని కాంటాక్టర్‌ను ఆన్ చేసే కాయిల్‌కు కరెంటు ఇవ్వడమే. ఈ పని మాత్రం మీరు సొంతంగా చేయకండి. కాంటాక్టర్‌కున్న అదనపు కాంటాక్టు నుంచి సిగ్నల్ తీసుకుని, నిజంగా ఆగాకే బాట్ "ఆగింది" అంటుంది. దీనితో సగం టెన్షన్ పోయింది.

కరెంటు కోతలకు మొదటి ఏడాది రెండు మెమరీ కార్డులు పోయాయి. రౌటర్‌కూ దీనికీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టాక ఆ బాధ లేదు.

లైట్ల కోసమే అయితే ఇంత అవసరం లేదు, బజార్లో దొరికే స్మార్ట్ ప్లగ్ చాలు. మోటారుకైతే మళ్లీ ఇదే పెడతాను. పాత స్విచ్ కూడా అలాగే ఉంచాను, నెట్ లేనప్పుడు అదే గతి.

అమ్మ రోజూ వాడుతుంది. నాన్న మాత్రం ఇంతవరకూ ఆ బటన్ నొక్కలేదు. నాకు ఫోన్ చేసి "మోటారు వెయ్యరా" అంటారు.