టాంగ్రాలో రెండు భోజనాలు

కలకత్తా వెళ్ళే తెలుగువారిలో చాలామంది కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్ చూసుకుని రసగుల్లాల డబ్బాలతో తిరుగు రైలెక్కుతారు. గత డిసెంబరు ఆఖరి వారంలో మేమూ అవన్నీ చూశాము. అయితే ఇంటికి వచ్చి ఇన్నాళ్ళయినా మా ఇంట్లో తెగని చర్చ వాటి గురించి కాదు, ఆ నగరానికి తూర్పున ఉన్న టాంగ్రాలోని ఒక చైనీస్ హోటల్ గురించి. మూడు రోజుల తేడాలో ఆ హోటల్లో రెండుసార్లు భోజనం చేశాము. మొదటిసారి బయటికి వస్తూ మా బావగారు "ఇంక ఈ గుమ్మం తొక్కేది లేదు" అన్నారు. రెండోసారి తిన్న చేప రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి, అక్కడికి వెళ్ళాలనుకునేవారికి పనికివస్తుందని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మేము ఆరుగురం: అమ్మ, అక్క, బావగారు, డిగ్రీ చదువుతున్న వారి అబ్బాయి, నా శ్రీమతి, నేను. అమ్మ పదేళ్ళ క్రితమే మాంసం, చేప, గుడ్డు పూర్తిగా మానేసింది. మిగిలినవాళ్ళం అన్నీ తింటాము. విశాఖలో గురువారం సాయంత్రం రైలెక్కి శుక్రవారం ఉదయానికి హౌరాలో దిగాము. అక్కడి నుంచి హుగ్లీ నది కింద 2024 మార్చిలో మొదలైన మెట్రోలో ఎస్ప్లనేడ్ చేరాము. సామాను ఎక్కువ లేనివారికి హౌరా వంతెన మీది రద్దీలో టాక్సీలో కూర్చోవడం కంటే ఇదే సుఖం. చాందినీ చౌక్ మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఒక పాత లాడ్జిలో మూడు గదులు తీసుకున్నాము. గోడలకు చెమ్మ ఉంది, వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకే వస్తాయి, లిఫ్టు ఒకరోజు పనిచేస్తే ఒకరోజు చేయదు. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, మేనేజరు మర్యాదస్తుడు, పైగా పాత చైనా పేట అక్కడికి నడక దూరం. ఆ ఒక్క కారణానికే గది మార్చలేదు.

కలకత్తాలో చైనావారి పేటలు రెండు. లాల్‌బజార్ పోలీసు కార్యాలయం వెనుక ఉన్న తిరెట్టా బజార్ పాతది. అక్కడ కాంటన్ ప్రాంతం వారు వడ్రంగంలో, హక్కావారు చెప్పుల తయారీలో, హూబే వారు పళ్ళ వైద్యంలో పేరు తెచ్చుకున్నారు. తోళ్ళు శుద్ధిచేసే హక్కా కుటుంబాలు ఊరికి దూరంగా బురద నేలల్లో కట్టుకున్నది టాంగ్రా. 1962 యుద్ధం తరువాత భారతదేశంలోని చైనావారిని వేలమందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించారు. తిరిగి వచ్చినవారిలో చాలామంది ఇక్కడ ఉండలేక టొరంటో వంటి చోట్లకు వెళ్ళిపోయారు. 1996లో సుప్రీంకోర్టు తోళ్ళ పరిశ్రమను నగరం నుంచి బంతలాకు తరలించమని ఆదేశించడంతో, మిగిలిన కుటుంబాల్లో అనేకం అప్పటికే చిన్నగా నడుస్తున్న హోటళ్ళ మీద, సాస్ తయారీ మీద పూర్తిగా ఆధారపడవలసి వచ్చింది. టాంగ్రా వీధుల్లో ఇప్పటికీ రెండు నిలువుల ఎత్తు ప్రహరీలు, ఇనుప గేట్లు కనిపిస్తాయి. వాటి లోపల ఒకప్పుడు తోళ్ళు ఆరేవి. ఇప్పుడు అదే గేటు పక్కన ఎర్రకాగితం లాంతరు వేలాడుతూ ఉంటుంది. మనం నూడిల్స్ బండి దగ్గర అలవోకగా అనే "హక్కా" అన్న మాట ఈ మనుషుల పేరే.

శనివారం రాత్రి మేము వెళ్ళింది అలాంటి గేటు లోపలి హోటలుకే. క్రిస్మస్ సెలవులు కాబట్టి జనం ఉంటారని తెలుసు, కానీ అంత అని ఊహించలేదు. పేరు రాసుకుని యాభై నిమిషాలు బయట నిలబెట్టారు. అమ్మకు ఒక కుర్చీ అడిగితే "ఇస్తాం, ఇస్తాం" అన్నారు, చివరికి పక్క దుకాణం ఆయన స్టూలు తెచ్చి వేశాడు. లోపలికి వెళ్ళాక బల్ల మీద ముందటివారి సాస్ మరకలు ఉండగానే ప్లేట్లు పెట్టారు. చికెన్ స్వీట్ కార్న్ సూప్, చిల్లీ చికెన్, గోల్డెన్ ప్రాన్స్, మిక్స్‌డ్ ఫ్రైడ్ రైస్ చెప్పి, అమ్మ కోసం వెజ్ హక్కా నూడిల్స్ చెప్పాము. ఆమెకు మాంసం, చేప, గుడ్డు ఏదీ తగలకూడదని రెండుసార్లు హిందీలో విడమర్చి చెప్పాను.

సూప్ గోరువెచ్చగా వచ్చింది. చిల్లీ చికెన్ పులుసులో కార్న్‌ఫ్లోర్ ఎంత పోశారంటే, గరిటె ఎత్తితే తీగలా సాగింది. పచ్చిమిరపకాయలు నిలువుగా చీల్చి వేసినవే గానీ, అవి నూనెలో వేగినట్టు లేదు, పులుసు మీద తరువాత చల్లినట్టున్నాయి. రొయ్యలు మాత్రం బాగున్నాయి, అది ఒప్పుకోవాలి. అందరం ఏదో ఒకటి తింటున్నాం కదా అని సర్దుకునేలోపు అమ్మ చెయ్యి ఆగిపోయింది. నూడిల్స్ పోగుల మధ్య, క్యారెట్ తురుము పక్కన, చిటికెన వేలి గోరంత రొయ్య ముక్క ఉంది. ఆమె ఏమీ అనలేదు. దాన్ని చెంచాతో ప్లేటు అంచుకు తోసి, నీళ్ళు తాగి ఊరుకుంది.

పిలిస్తే వచ్చిన కుర్రాడు ముక్క వైపు చూసి, ఒక్క మాట కూడా లేకుండా ప్లేటు ఎత్తుకుపోయి ఏడెనిమిది నిమిషాల్లో మరొకటి తెచ్చాడు. "వేరేది చేసి తెచ్చారమ్మా, తిను" అన్నాను. "తెచ్చారు సరే నాయనా, కళాయి కడిగారంటావా?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఆ పూట ఆమె తెల్లన్నం తెప్పించుకుని, బల్ల మీద వెనిగర్‌లో వేసి ఉంచిన పచ్చిమిరప ముక్కలు నంజుకుని లేచింది.

శాకాహారులు మన ఊరి చైనీస్ బండి దగ్గరా, నక్షత్రాల హోటల్లోనూ ఒకేలా అడగవలసిన ప్రశ్న ఇదే. చైనీస్ వంటలో కళాయి మంట మీదే ఉంటుంది, ఒక పదార్థం దింపి గరిటెడు నీళ్ళు పోసి చీపురులాంటి కుంచెతో ఒక్కసారి తుడిచి రెండోది వేస్తారు. రద్దీ రాత్రుల్లో ఆ తుడుపు కూడా సరిగ్గా జరగదు. దానికి తోడు కూరగాయల వంటకాల్లో సైతం ఆయిస్టర్ సాస్ పడుతుంది, దాన్ని చేసేది ఆల్చిప్పలతో. మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన నమ్మకూడదని ఆ రాత్రి నాకు తెలిసివచ్చింది.

బిల్లులో రెండు నూడిల్స్ ప్లేట్లకూ ధర వేశారు, అడగకుండానే పది శాతం సర్వీస్ ఛార్జీ కలిపారు. సర్వీస్ ఛార్జీని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ప్రభుత్వానికి వెళ్ళే జీఎస్టీ వేరు, హోటలు వేసుకునే ఈ ఛార్జీ వేరు. కౌంటరులో ఉన్న పెద్దావిడకు విషయం చెప్పాను. హోటలు ఆవిడదే. బెంగాలీ యాస హిందీలో "రెండో ప్లేటు కూడా వేశారా?" అని తానే ఆశ్చర్యపోయి, రెండు ప్లేట్లూ, సర్వీస్ ఛార్జీ కలంతో కొట్టేసి కొత్త బిల్లు ఇప్పించింది. అమ్మ వైపు తిరిగి చేతులు జోడించింది కూడా. కుర్రాడు చేయవలసిన పని అది. బావగారి కోపం మాత్రం తగ్గలేదు, ఆ కోపం అన్యాయమైనదని నేను అనను.

విచిత్రమేమిటంటే, మేము అలా చిన్నబోయి కూర్చున్న గంటలోనే పక్క బల్ల దగ్గర పుట్టినరోజు చేసుకుంటున్న కాలేజీ పిల్లలు అదే చిల్లీ చికెన్ మూడోసారి తెప్పించుకున్నారు. మా మేనల్లుడు కూడా "మావయ్యా, నాకైతే బాగానే ఉంది" అన్నాడు. మరో పక్కన ఒంటరిగా తింటున్న ఒక బెంగాలీ పెద్దమనిషి, తాను విద్యార్థిగా ఉన్నప్పటి నుంచి ఇక్కడికి వస్తున్నానని, ఈ మధ్య అన్నింటిలో తీపి పెరిగిందని, అయినా మానలేకపోతున్నానని చెప్పారు. బయట క్యాబ్ కోసం నిలబడినప్పుడు మా మాటలు విని పలకరించిన తెలుగు దంపతులది సాల్ట్ లేక్‌లో కాపురం. "అయ్యో, శనివారం రాత్రి వచ్చారా అండీ? మామూలు రోజుల్లో మధ్యాహ్నం రావాలి. మెనూ చూడకుండా ఆవిణ్ణే అడగండి, ఏం బాగుందో చెబుతారు" అన్నారు ఆ అమ్మాయి. మేము రెండోసారి వెళ్ళింది ఆ మాట పట్టుకునే.

మధ్యలో ఆదివారం ఉదయం తిరెట్టా బజార్‌కు నడిచి వెళ్ళాము. పొద్దార్ కోర్టు అనే భవనం దగ్గర ఆరు గంటలకే అల్యూమినియం పాత్రల మూతలు లేస్తాయి, ఎనిమిది దాటితే మిగిలేది తక్కువ. చేప ఉండల సూప్, పంది మాంసం కూరిన ఆవిరి బన్నులు, మోమోలు దొరుకుతాయి. చైనా ముసలమ్మలు ఇద్దరు ముగ్గురే కనిపించారు, మిగిలిన అమ్మకందార్లు ఎక్కువగా ఇతరులే. కూర్చునే చోటు లేదు, చేతులు కడుక్కునే చోటు వెతుక్కోవాలి, చెత్త కుప్ప పక్కనే నిలబడి తినాలి. అయినా చలిలో ఆ సూప్ గిన్నె రెండు చేతులతో పట్టుకున్నప్పుడు బావగారి ముఖం విప్పారింది. మొత్తం ప్రయాణంలో ఆయన మార్కులన్నీ దానికే.

మంగళవారం పన్నెండున్నరకు మళ్ళీ టాంగ్రా వెళ్ళాము. బావగారు, మేనల్లుడు మ్యూజియానికి వెళ్ళిపోయారు, మేము నలుగురమే. పదిహేను బల్లల్లో మూడింటి దగ్గరే మనుషులున్నారు. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టింది. మెనూ తీయకుండా "మీ ఇంట్లో ఈ రోజు ఏం వండారు?" అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, చేప ఉందంది. బెంగాలీలు భెట్కీ అనే మన పండుగప్ప. ఆవిరి మీద ఉడికించి, పైన సన్నగా దారాల్లా తరిగిన అల్లం, ఉల్లికాడలు పరిచి, కాగిన నూనె చుయ్యిమనేలా పోసి, అడుగున పలుచటి సోయా రసంతో తెచ్చారు. కార్న్‌ఫ్లోర్ లేదు, ఎర్ర రంగు లేదు. ముల్లు దగ్గర మాంసం రేకులు రేకులుగా విడిపోయింది. మసాలా లేనిదే చేప తినని అక్క కూడా పులుసు చెంచాతో తీసుకుని అన్నంలో కలుపుకుంది.

అమ్మ కోసం ఆవిడ స్వయంగా లోపలికి వెళ్ళింది. వంటగది తలుపు తెరిచి ఉంది కాబట్టి చూడగలిగాను. గోడకు వేలాడుతున్న చిన్న కళాయి దించి, సబ్బుతో కడిగించి, వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, పాక్‌చోయ్ ఆకు ఎక్కువ మంట మీద రెండే నిమిషాలు తిప్పి దించింది. ఉప్పు, మిరియాలు తప్ప ఏ సాసూ వేయలేదు. అమ్మ మొదటి ముద్ద అనుమానంగానే తిన్నది. తరువాత "మన తోటకూర వేపుడులో ఇంత పచ్చదనం ఉండదు, ఎక్కువ మగ్గబెడతాం" అని, ఆకు కాడ దగ్గర కరకరలాడుతోందని నా శ్రీమతికి చూపించింది.

ఇంతకీ ఆ హోటలు మంచిదా, కాదా అని అడిగేవారికి నేను చెప్పగలిగింది ఇది. అక్కడ వంట తెలిసిన చేతులున్నాయి, కానీ శనివారం రాత్రి వచ్చే మూడొందల మందికి ఆ చేతుల వంట అందదు. వారికి అందేది ముందే వేయించి పెట్టుకున్న ముక్కలు, ముందే చిక్కబరచిన పులుసు. ఊరు కాని ఊరి నుంచి వచ్చి ఒకే ఒక్క పూట తినే అతిథికి ఏ రోజు రావాలో, ఎవరిని ఏమని అడగాలో తెలియదు, తెలియవలసిన అవసరం కూడా ఉండకూడదు. రుచి తేడాను ఎవరి నాలుకకు వారు వదిలేయవచ్చు గానీ, శాకాహారి ప్లేటులో రొయ్య ముక్క రావడం, వచ్చాక వడ్డించిన కుర్రాడు క్షమాపణ చెప్పకపోవడం అలా వదిలేసేవి కావు. నేను ఆ హోటలుకు మళ్ళీ వెళ్తాను, మామూలు రోజు మధ్యాహ్నం, ముందుగా ఫోన్ చేసి చేప ఉందో లేదో కనుక్కుని వెళ్తాను. అమ్మను తీసుకువెళ్తే వంటగది తలుపు దగ్గర నేనే నిలబడతాను. బావగారు రానంటున్నారు, ఆయనను బలవంతపెట్టను.

తిరుగు ప్రయాణానికి ముందు టాంగ్రాలోనే పచ్చిమిరప సాస్ సీసాలు రెండు కొన్నాము. కొనేవారు మూత చుట్టూ టేపు వేయించుకుని, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సీసా నిలువుగా ఉండేలా పెట్టుకోవాలి. మాది ఒకటి భువనేశ్వర్ రాకముందే కారి, అక్క పట్టుచీర అంచు పాడైంది. రెండోది సంక్రాంతి దాకా వచ్చింది.