సబ్‌స్క్రిప్షన్ ఆపేసినా యాప్ మా మెయిల్‌లోనే ఉంది: కొనేముందు ఇది చూడండి

మీటింగులు బుక్ చేసే ఒక యాప్ కొని మా మైక్రోసాఫ్ట్ 365 ఖాతాలకు కలుపుకున్నాం. చాలా ఇబ్బంది పడ్డాం. అలాంటిదేదైనా కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

ఆ యాప్ చేయాల్సిన పని చిన్నదే. క్యాలెండర్‌లో ఖాళీ చూసి అవతలివాళ్లకు టైమ్ ఇవ్వాలి, అంతే. ఏడాదికి డబ్బు కట్టాక పర్మిషన్ల తెర వచ్చింది. క్యాలెండర్‌తో పాటు మెయిల్ చదవడం, మా పేరుతో మెయిల్ పంపడం, ఫైళ్లన్నీ తెరవడం కూడా అడిగింది. డబ్బు కట్టేశాం కదా అని ఒప్పుకున్నాను. పైగా అడ్మిన్‌ని నేనే. సంస్థ మొత్తం తరఫున అనుమతి ఇచ్చే చిన్న గడి ఒకటి అక్కడ ఉంటుంది, దానికీ టిక్ పెట్టాను. దాంతో మా టీమ్‌లో మిగతావాళ్లకు ఆ తెర రానే రాలేదు. వాళ్లందరి బదులు నేనే సరే అన్నానన్నమాట. తర్వాత ఈ సంగతి వాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు చాలా బాధపడ్డాను.

కొన్ని వారాలకు ఒక క్లయింట్ ఫోన్ చేశారు. మా సహోద్యోగి మెయిల్ నుంచి ఆ యాప్ ప్రచారం తనకు వచ్చిందన్నారు. వెంటనే పాస్‌వర్డులు మార్చాం, ఓటీపీ పెట్టాం, సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశాం. వారం తిరక్కుండానే ఇంకొకరికి అదే మెయిల్ వెళ్లింది.

ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇలాంటి యాప్‌కి మన పాస్‌వర్డ్‌తో పని లేదు. ఒకసారి ఒప్పుకుంటే దానికి టోకెన్ అందుతుంది, అంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లే డిజిటల్ తాళంచెవి లాంటిది. ‘మీరు ఇచ్చిన యాక్సెస్‌ను కొనసాగించడం’ అని పర్మిషన్లలో ఒక మామూలు వాక్యం ఉంటుంది. మనం లాగిన్ అయి లేకపోయినా యాప్ కొత్త టోకెన్లు తెచ్చుకుంటూ ఉండొచ్చని దాని అర్థం. సబ్‌స్క్రిప్షన్ రద్దు వాళ్ల వైపు జరిగేది. అనుమతి తీసేయాల్సింది మన ఖాతాలో, మనమే.

ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో (మైక్రోసాఫ్ట్ ఖాతాలను అడ్మిన్ నిర్వహించే సైట్) ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్ అనే యాప్‌ల జాబితా తెరిచి, ఒక్కో యాప్‌కి పర్మిషన్స్ చూడండి. అడ్మిన్ కన్సెంట్ (అడ్మిన్ ఇచ్చిన అనుమతి), యూజర్ కన్సెంట్ (ఎవరికి వారు ఇచ్చినది) అని రెండు ట్యాబులుంటాయి, రెండూ చూడాలి. యాప్ చేసే పనికీ దానికిచ్చిన అనుమతికీ పొంతన లేకపోతే అదే అనుమానించాల్సిన చోటు. ‘అప్లికేషన్’ రకం అనుమతుంటే మరీ జాగ్రత్త. ఎవరూ లాగిన్ కాకపోయినా అది పని చేస్తుంది. మెయిల్ మీద అలాంటిది ఇచ్చి, విడిగా పరిమితి పెట్టకపోతే, అన్ని మెయిల్‌బాక్సులూ దాని చేతిలో ఉన్నట్టే.

కంగారులో వెంటనే డిలీట్ కొట్టకండి. ముందు సైన్ ఇన్ లాగ్స్ (ఖాతాల్లోకి ఎవరు, ఎప్పుడు వచ్చారో చెప్పే రికార్డులు) డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, ఉచిత ప్లాన్‌లో అవి 7 రోజులే ఉంటాయి. రద్దు చేశాక కూడా యాప్ మా ఖాతాల్లోకి వచ్చిందని మాకు తెలిసింది అక్కడే. తర్వాత ఆ యాప్‌కి సైన్ ఇన్ ఆపేయండి. డిలీట్ చేస్తే ఎవరో ఒకరు మళ్లీ ఒప్పుకునే అవకాశం ఉంటుంది, ఆపేస్తే ఉండదు. అప్పటికే ఇచ్చిన టోకెన్ మాత్రం గంట, గంటన్నర దాకా పని చేయొచ్చు.

గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లు అడ్మిన్ కన్సోల్‌లో ఏపీఐ కంట్రోల్స్ (బయటి యాప్‌లకున్న అనుమతులు కనిపించే చోటు) చూడండి. డ్రైవ్ మొత్తం అడిగే యాప్ వేరు, మనం దానితో తెరిచిన ఫైళ్ల వరకే అడిగేది వేరు.

పర్మిషన్ల తెరలో కంపెనీ పేరు పక్కన నీలం టిక్ ఉంది కదా అని నేను నమ్మాను. అది ప్రచురణకర్త ఎవరో చెబుతుంది, యాప్ మంచిదని కాదు. మోసగాళ్లు వేరే కంపెనీల పేర్లతో ఆ టిక్ సంపాదించి అనుమతులు దండుకున్నారని 2023 జనవరిలో మైక్రోసాఫ్టే ప్రకటించింది.

డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. అన్ని పర్మిషన్లు ఎందుకడిగారని 2 సార్లు రాశాను. మా డేటా తుడిచేశామన్నారు తప్ప, దానికి జవాబివ్వలేదు. ఈ రకం యాప్ ఇప్పటికే వాడుతుంటే ఇవాళే ఆ జాబితా తెరవండి. కొనబోతుంటే ముందు ఖాళీ టెస్ట్ ఖాతాతో ట్రయల్ తీసుకుని, ఆ తెరలో ఏమడుగుతోందో చదివాకే డబ్బు కట్టండి.