ఐస్ హాకీలో పతకం కావాలంటే: పేరున్నవాళ్లా, పనికొచ్చేవాళ్లా, కలిసి పెరిగినవాళ్లా?

2014 సోచి ఒలింపిక్స్‌కి కెనడా జట్టుని ప్రకటించినప్పుడు అక్కడ లేచిన గొడవ చూస్తే మన క్రికెట్ సెలక్షన్ గొడవలు చిన్నవే అనిపిస్తాయి. అంతకుముందు సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు (గోల్ కొడితే ఒకటి, గోల్‌కి పాస్ ఇస్తే ఒకటి) తెచ్చుకున్న మార్టిన్ సెయింట్ లూయిస్‌కి అందులో చోటు లేదు, క్రిస్ కునిట్జ్‌కి మాత్రం ఉంది. జట్టుని తయారుచేసిన స్టీవ్ ఐజర్‌మన్ అప్పట్లో టాంపా బే క్లబ్‌కి జనరల్ మేనేజర్, సెయింట్ లూయిస్ అదే క్లబ్‌కి కెప్టెన్, అంటే రోజూ మొహం చూసే సొంత కెప్టెన్‌నే పక్కనపెట్టాడన్నమాట. తర్వాత జట్టుకి ఎంపికైన స్టామ్‌కోస్‌కి విరిగిన కాలు టైముకి సెట్ కాకపోవడంతో ఆ ఖాళీలో సెయింట్ లూయిస్‌ని పిలిచారు, వెళ్లాడు, స్వర్ణం మెడలో వేసుకుని వచ్చాడు, కానీ మనసు మాత్రం అప్పటికే విరిగిపోయింది, మార్చిలో తనని వేరే క్లబ్‌కి మార్చమని అడిగి మరీ న్యూయార్క్ రేంజర్స్‌కి వెళ్లిపోయాడు.

కునిట్జ్‌ని ఎందుకు తీసుకున్నారంటే పెద్ద రహస్యమేమీ లేదు. అప్పట్లో పిట్స్‌బర్గ్ క్లబ్‌లో అతను కెనడా పెద్ద స్టార్ సిడ్నీ క్రాస్బీ పక్కన ఆడేవాడు. క్రాస్బీ ఎప్పుడు ఎటు తిరుగుతాడో అతనికి తెలుసు, అంతే. 2019 ప్రపంచ కప్‌కి అంబటి రాయుడిని కాదని, మూడు రకాలుగా పనికొస్తాడంటూ విజయ్ శంకర్‌ని తీసుకున్నప్పుడు మనవాళ్లు ఎంత తిట్టుకున్నారో గుర్తుందిగా, కెనడాలో కునిట్జ్ మీద పడిందీ అలాంటి కోపమే. (అప్పుడు చీఫ్ సెలక్టర్‌గా ఉన్న ఎమ్మెస్కే ప్రసాద్ కూడా గుంటూరు వాడే కావడం వేరే సంగతి.) ఫైనల్లో స్వీడన్ మీద మూడో గోల్ కునిట్జ్ కొట్టాడు, ఆ టోర్నీ మొత్తంలో అతని గోల్ అదొక్కటే, కానీ మెడల్ వచ్చాక ఇంకెవరూ నోరెత్తలేదు.

ఇంతకీ పేరున్న స్టార్లని తీసుకోవడమా, ఫలానా పనికి పనికొచ్చేవాళ్లనా, ఏళ్లుగా కలిసి ఆడినవాళ్లనా, ఈ మూడు పద్ధతుల్లో ఏది మేలు? ఆట ఎలా సాగుతుందో కాస్త తెలిస్తేనే తేలే విషయం ఇది. మంచు మీద ఒక్కసారికి గోలీ (గోల్‌కీపర్) కాక ఐదుగురు ఉంటారు. ముగ్గురు ఫార్వర్డ్‌లని కలిపి లైన్ అంటారు, వెనక ఇద్దరు డిఫెన్స్ జోడీ. ఒక లైన్ ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచీ మీదికి వస్తుంది, ఇంకో లైన్ దూకుతుంది, ఇలా నాలుగు లైన్లు తిరుగుతూనే ఉంటాయి. ఇప్పుడు దేశంలోని ఫార్వర్డ్‌లలో పదకొండో స్థానంలో నిలిచే స్టార్ సంగతి చూడండి. తన క్లబ్‌లో అతను మొదటి లైన్, పవర్‌ప్లే (అవతలి జట్టులో ఒకడు తక్కువైనప్పటి ఆట) అతనిదే, పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎప్పుడూ అతని కర్ర దగ్గరే ఉంటుంది. దేశం జట్టులో అదే మనిషిని నాలుగో లైన్‌లో కూర్చోబెడితే కొద్ది నిమిషాలే దొరుకుతాయి, ఆ కొద్ది నిమిషాల్లో కోచ్ అడిగేది గోల్ కాదు. ఫేస్‌ఆఫ్ (ఇద్దరి మధ్య పక్ వేసి ఆట మొదలుపెట్టడం) గెలువు, మనవాడు తప్పు చేసి పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్న రెండు నిమిషాలూ షాట్లకి అడ్డం పడు, గోల్ మాత్రం ఇవ్వకు, అంతే. ఆ పని అతను జన్మలో చేసి ఉండడు.

2006 ట్యూరిన్‌లో కెనడాకి పట్టిన గతి ఇదే. కెప్టెన్ జో సాకిక్, జో థార్న్‌టన్, జెరోమ్ ఇగిన్లా, డానీ హీట్లీ, వెనక క్రిస్ ప్రాంగర్, గోల్‌లో మార్టిన్ బ్రోడర్. పేర్లు చదువుతుంటేనే స్వర్ణం వచ్చేసినట్టు ఉంటుంది. 2002లో 50 ఏళ్ల తర్వాత స్వర్ణం తెచ్చిన జట్టుని ఎంపిక చేసిన హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీయే మళ్లీ ఎంపిక పెద్దగా ఉన్నాడు, ఆ గెలుపు మీద నమ్మకంతో పాత కాపులకే ఎక్కువ చోటిచ్చాడు, 18 ఏళ్ల క్రాస్బీని ఇంట్లోనే వదిలేశాడు. ఫలితం ఏంటంటే స్విట్జర్లాండ్ చేతిలో 2-0, మర్నాడే ఫిన్లాండ్ చేతిలో 2-0, క్వార్టర్ ఫైనల్లో రష్యా చేతిలో మళ్లీ 2-0. ఇంతమంది వీరులుండి మూడు మ్యాచుల్లో ఒక్క గోల్ కొట్టలేదు, ఏడో స్థానంతో ఇంటిదారి పట్టారు. పుండు మీద కారం ఏంటంటే, స్విట్జర్లాండ్ తరఫున ఆ రెండు గోల్సూ కొట్టిన పాల్ డిపియెట్రో పుట్టి పెరిగింది కెనడాలోనే.

అదే ట్యూరిన్‌లో స్వర్ణం గెలిచిన స్వీడన్‌లో స్టార్లు లేరా అంటే బోలెడు మంది ఉన్నారు, సుందిన్, ఫోర్స్‌బర్గ్ అక్కడే ఉన్నారు. తేడా ఎక్కడుందంటే ఆ జట్టులో ఐదుగురు ఒకే క్లబ్ డెట్రాయిట్ నుంచి వచ్చారు. ఫైనల్లో ఫిన్లాండ్ మీద 3-2తో గెలిస్తే, ఆ మూడు గోల్సూ జెట్టర్‌బర్గ్, క్రోన్‌వాల్, లిడ్‌స్ట్రోమ్ కొట్టినవే, ముగ్గురూ డెట్రాయిట్ వాళ్లే. దీన్ని యాదృచ్ఛికం అనేవాళ్లు ఉంటారు, నేను మాత్రం అనను.

కెనడాకి ఈ పాఠం ఎక్కిందని 2014 చూస్తే తెలుస్తుంది. ముందు ఏడాది ఆగస్టులో కాల్గరీలో క్యాంపు పెడితే, ఇంత ఖరీదైన కాళ్లకి ఇన్సూరెన్స్ కట్టడం మా వల్ల కాదని అసలు మంచు మీదికే దించలేదు, బూట్లేసుకుని, బంతి పట్టుకుని, ఎవరు ఎక్కడ నిలబడాలో నేల మీద నడిచి నేర్చుకున్నారు. వినడానికి నవ్వొస్తుంది కానీ సోచిలో పనికొచ్చింది ఆ నడకే. ఆరు మ్యాచుల్లో 17 గోల్స్ కొట్టి, మూడంటే మూడే ఇచ్చారు. క్రాస్బీ టోర్నీ మొత్తంలో ఒక్క గోల్ కొట్టాడు, అదీ ఫైనల్లో. జట్టులో ఎక్కువ పాయింట్లు డ్రూ డౌటీ, షే వెబర్‌లవి, ఇద్దరూ డిఫెన్స్ వాళ్లు. అమెరికాతో సెమీస్ 1-0. చూడ్డానికి బోరు కొట్టిందని తిట్టినవాళ్లూ ఉన్నారు, నాక్కూడా ఆ సెమీస్ పెద్దగా ఎక్కలేదు, కానీ పతకం లెక్క వేరు.

మూడో దారి, అంటే ఏళ్ల తరబడి కలిసే ఉన్న జట్టు, దీనికి సోవియట్ యూనియన్‌ని మించిన ఉదాహరణ లేదు. మాస్కోలోని సైన్యం క్లబ్ సీఎస్‌కేఏకి, దేశం జట్టుకి విక్టర్ తిఖొనొవ్ ఒక్కడే కోచ్. ఆటగాళ్లు కాగితం మీద సైనికులు, ఏడాదిలో ఎక్కువ భాగం క్యాంపుల్లోనే గడిచేది. క్రుతోవ్, లారియోనోవ్, మకరోవ్ ముందు, ఫెతిసోవ్, కసతోనోవ్ వెనక, ఈ ఐదుగురూ ఒకరినొకరు చూడకుండానే పాస్‌లు ఇచ్చుకునేవారు. 1984, 1988 స్వర్ణాలు వాళ్లవే. అయితే ఆ జీవితం జైలు లాంటిదని ఆ ఆటగాళ్లే తర్వాత తిరగబడ్డారు, కాబట్టి మెడల్స్ వచ్చాయి కదా అని ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకోలేం.

దాన్ని ఓడించింది కూడా కలిసి ఉన్న జట్టే కావడం విచిత్రం. 1980 లేక్ ప్లాసిడ్‌కి అమెరికా కోచ్ హెర్బ్ బ్రూక్స్ కాలేజీ కుర్రాళ్లని పోగేశాడు, వాళ్లలో సగానికి పైగా అతని సొంత రాష్ట్రం మిన్నెసోటా వాళ్లే, సొంత మనుషులనే తీసుకున్నాడని విమర్శలూ వచ్చాయి. కానీ వాళ్లని నెలల తరబడి కలిపి తిప్పాడు, 60కి పైగా ప్రాక్టీస్ మ్యాచులు ఆడించాడు. ఒలింపిక్స్‌కి మూడు రోజుల ముందు న్యూయార్క్‌లో సోవియట్లు వీళ్లని 10-3తో చితక్కొట్టారు. రెండు వారాలు తిరక్కుండానే ఇదే జట్టు 4-3తో గెలిచింది, తర్వాత ఫిన్లాండ్‌ని కొట్టి స్వర్ణం పట్టుకెళ్లింది.

ఇప్పుడు ఎవరికి అంత టైము ఉంది? ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మధ్యలో ఆపి పంపిస్తారు, విమానం దిగి రెండు మూడు ప్రాక్టీసులు చేసేసరికి మొదటి మ్యాచ్. అందుకే కెనడా, అమెరికాలకి ఈ దారి మూసుకుపోయినట్టే. ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లు రాని 2018 ప్యాంగ్‌చాంగ్‌లో రష్యన్లు ఎక్కువగా రెండే క్లబ్‌ల నుంచి జట్టు కట్టి స్వర్ణం గెలిచారు. అక్కడ కూడా ఫైనల్లో జర్మనీ ఇంకో నిమిషం ఉందనగా 3-2తో ముందుంది, రష్యా ఒక మనిషి తక్కువై ఆడుతూ సమం చేసి, ఓవర్‌టైమ్‌లో బయటపడింది.

చిన్న దేశాలకి మాత్రం ఇదే సరైన దారి అంటాను. ఫిన్లాండ్ జనాభా అర కోటికి కాస్త ఎక్కువ, మన హైదరాబాద్ కంటే తక్కువ, అయినా 1988 నుంచి 2022 దాకా ఒలింపిక్స్‌లో ఏడు పతకాలు. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఎన్‌హెచ్‌ఎల్ పెద్ద పేర్లు ఎవరూ రాకపోతే కోచ్ యుక్కా యాలొనెన్ దొరికినవాళ్లతోనే వెళ్లాడు. కెప్టెన్ మార్కో ఆంటిలా, ఆరున్నర అడుగులు దాటిన మనిషి, జీవితంలో ఒక్క ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడలేదు. సెమీస్‌లో ఎదురుగా ఓవెచ్‌కిన్, మాల్కిన్, కుచెరోవ్ లాంటి ఎన్‌హెచ్‌ఎల్ స్టార్లున్న రష్యా. ఫిన్లాండ్ 1-0తో గెలిచింది, గోల్ ఆంటిలాదే. ఫైనల్లో కెనడా మీద 3-1, అందులో రెండు ఆంటిలావి. మూడేళ్లకి అదే కోచ్ బీజింగ్‌లో ఫిన్లాండ్‌కి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. వాళ్ల పద్ధతిలో ఎవరు దిగినా చేయాల్సింది ఒకటే, మనిషి మారితే ఆట మారదు. మన దేశం సంగతే తీసుకుంటే, 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచిన భారత మహిళల జట్టులో అత్యధికులు లద్దాఖ్ అమ్మాయిలే, చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద ఆట నేర్చుకున్నవాళ్లు. అక్కడ స్టార్లని ఏరే ప్రశ్నే రాదు.

ఇంత చర్చనీ ఒక్క మనిషి తలకిందులు చేయగలడు, గోలీ. 1998 నగానోలో కెనడాతో సెమీస్ షూటౌట్‌కి (ఒక్కొక్కరుగా గోలీ మీదికి వెళ్లి కొట్టడం) వెళ్తే చెక్ గోలీ డొమినిక్ హాషెక్ ఐదుగురిని ఆపాడు, ఐదుగురినీ. కెనడా కోచ్ మార్క్ క్రాఫర్డ్ ఆ ఐదుగురిలో గ్రెట్జ్‌కీని పెట్టకుండా బెంచీ మీదే ఉంచాడు, ఇప్పటికీ అక్కడ ఆ మాట ఎత్తితే చాలు రక్తం మరుగుతుంది. ఫైనల్లో రష్యా మీద చెక్‌లు 1-0తో గెలిచారు. 1980లో అమెరికాతో ఓడిన మ్యాచ్‌లో తిఖొనొవ్ చేసిన పని ఇంకా ఘోరం, ప్రపంచంలోనే గొప్ప గోలీ ట్రెటియాక్‌ని మొదటి పీరియడ్ అవగానే తీసేశాడు. 2014లో కెనడాని లాత్వియా గోలీ గుడ్లెవ్‌స్కిస్ 55 షాట్లు ఆపి దాదాపు ఇంటికి పంపేశాడు, 2-1తో గండం గడిచింది. 2025 ఫిబ్రవరిలో నాలుగు దేశాల టోర్నీకి కెనడా జోర్డన్ బినింగ్టన్‌ని నమ్ముకుంటే అందరూ పెదవి విరిచారు, ఫైనల్ ఓవర్‌టైమ్‌లో అమెరికా షాట్లు అతను ఆపబట్టే కెనడా స్టార్ మెక్‌డేవిడ్‌కి గెలిపించే గోల్ కొట్టే అవకాశం దొరికింది. నాకౌట్‌లో ఒక్క రాత్రి గోలీ ఊపు మీద ఉంటే నువ్వు ఏ పద్ధతిలో జట్టు తీసినా ఒకటే.

రింక్ సైజు గురించి కూడా వాదిస్తారు, అంతర్జాతీయ రింక్ 30 మీటర్ల దాకా వెడల్పు, ఎన్‌హెచ్‌ఎల్ రింక్ దాదాపు 26, వెడల్పు పెరిగితే వేగం ఉన్నవాడు కావాలని. నిజమే కానీ నాకది మరీ పెద్ద విషయంగా కనిపించదు, కెనడా 2010లో చిన్న రింక్ మీదా గెలిచింది, 2014లో పెద్ద రింక్ మీదా గెలిచింది.

పని చూసి తీసే పద్ధతికీ ఒక హద్దుంది. 2014లో అమెరికా టీజే ఓషీని తీసుకోవడానికి అతని షూటౌట్ నైపుణ్యం ఒక కారణం. రష్యాతో లీగ్ మ్యాచ్ షూటౌట్‌కి వెళ్తే, మొదటి ముగ్గురి తర్వాత ఒకడినే మళ్లీ మళ్లీ పంపొచ్చనే రూల్ వాడుకుని అతన్నే మొత్తం ఆరుసార్లు పంపారు, నాలుగు కొట్టి గెలిపించాడు. అదే అమెరికా కాంస్యం మ్యాచ్‌లో ఫిన్లాండ్ చేతిలో 5-0తో ఓడి ఖాళీ చేతులతో ఇంటికెళ్లింది. ఒక్క పనిలో దిట్ట ఒక్క రాత్రికి పనికొస్తాడు.

కాబట్టి నా లెక్క ఇది. కెనడా, అమెరికా, స్వీడన్ లాంటి దేశమైతే మొదటి రెండు లైన్లకీ, మొదటి డిఫెన్స్ జోడీకీ కళ్లు మూసుకుని పేరున్నవాళ్లని తీసుకోవాలి, వాళ్లలోనూ ఒకే క్లబ్‌లో పక్కపక్కన ఆడేవాళ్లు దొరికితే వాళ్లకే ముందు పీట. మూడో లైన్ నుంచి పేరు చూడొద్దు, పెనాల్టీ కిల్ (మనవాడు బాక్స్‌లో ఉన్నప్పుడు గోల్ పడకుండా ఆపడం) ఎవరు చేస్తారు, ఫేస్‌ఆఫ్ ఎవరు గెలుస్తారు అన్నదే చూడాలి. గోలీ విషయంలో గత ఏడాది రికార్డు కంటే గత నెల ఫామ్‌కే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇక 2014 జట్టే నా చేతికి ఇచ్చి ఉంటే కునిట్జ్‌ని అలాగే ఉంచేవాడిని, సెయింట్ లూయిస్‌ని కూడా మొదటి జాబితాలోనే పెట్టేవాడిని, అందుకోసం రిక్ నాష్‌ని తప్పించేవాడిని, దానికి ఎవరైనా నన్ను తిట్టాలనుకుంటే తిట్టుకోవచ్చు.