టిడ్కో ఫ్లాటా, రెండు సెంట్ల స్థలమా, అద్దె సాయమా: బెజవాడ, గుంటూరులో ఏది మేలు?

నెలకు పదిహేను, ఇరవై వేలు సంపాదించే కుటుంబం బెజవాడలోనో గుంటూరులోనో అద్దెకు ఉంటోంది అనుకోండి. సొంతిల్లు కావాలంటే ప్రభుత్వం వైపు నుంచి ముఖ్యంగా రెండు దారులున్నాయి. పట్టణాల్లో ఇళ్లు కట్టించే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టేసిన ఫ్లాటు తీసుకోవడం ఒకటి. స్థలం తీసుకుని, ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో కట్టుకోవడం రెండోది. పేదలకు నెలనెలా అద్దె డబ్బు ఇచ్చే పథకం మన రాష్ట్రంలో లేదు. అయినా దాన్ని కూడా ఈ రెండింటి పక్కన పెట్టి చూడాలి. ఎందుకంటే ఫ్లాటు తీసుకున్నవాళ్లూ, స్థలం తీసుకున్నవాళ్లూ నలిగిపోతున్నది ఒక్కచోటే: ఇల్లు చేతికి వచ్చేదాకా కట్టాల్సిన అద్దె దగ్గర.

ముందు టిడ్కో సంగతి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015లో మొదలైంది. దాని కింద కేంద్రం ఇచ్చే లక్షన్నరకు రాష్ట్రం తన వాటా కలిపి కట్టించిన జీ ప్లస్ 3 (కింది అంతస్తు, దాని మీద మూడు) బ్లాకులివి. బెజవాడ వాళ్లకు జక్కంపూడి, గుంటూరు వాళ్లకు అడవితక్కెళ్లపాడు, మధ్యలో మంగళగిరి. 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు సైజులు. గత ప్రభుత్వం రాష్ట్రమంతా కలిపి 2.62 లక్షల ఫ్లాట్లకు పరిమితం చేసింది. అందులో 1.43 లక్షలు 300 అడుగులవే. వాటిని రూపాయికే ఇస్తామంది. 365 అడుగుల ఫ్లాటుకు లబ్ధిదారు కట్టాల్సిన వాటాను 50 వేల నుంచి 25 వేలకు, 430కి లక్ష నుంచి 50 వేలకు తగ్గించింది. ఈ రెండు సైజులకీ మిగతా భారం బ్యాంకు లోను. 365 అడుగులదానికి 3.15 లక్షలు, 430దానికి 3.65 లక్షలు.

9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అనుకుని లెక్క వేస్తే 3.65 లక్షలకు నెల కిస్తీ దాదాపు 3,300 రూపాయలు. ఇవాళ బెజవాడలో హాలు, బెడ్‌రూమ్, వంటగది, బాత్రూమ్ ఉన్న పక్కా ఇల్లు ఆ అద్దెకు దొరకదు. పైగా అద్దె ఏటా పెరుగుతుంది, కిస్తీ అలా పెరగదు. ఈ లెక్క ఒక్కటే చూస్తే ఇక వేరే మాట అక్కర్లేదు, ఫ్లాటే మేలు.

కానీ చాలామందికి జరిగింది వేరు. లోను తమ పేరు మీద తీసుకున్నారు, తాళాలు మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. బ్లాకులు లేచాయి, కొన్నిచోట్ల రంగులు కూడా పడ్డాయి. మంచినీళ్లు, డ్రైనేజీ, రోడ్డు రాలేదు. ఈలోపు కిస్తీల గడువు వచ్చేసి బ్యాంకుల నోటీసులు ఇంటికి చేరాయి. ఏ ఇంటికి? అద్దె ఇంటికి. ఒక చేత్తో అద్దె, ఇంకో చేత్తో అడుగుపెట్టని ఇంటి కిస్తీ కట్టమంటే ఇరవై వేల జీతంలో ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి టిడ్కో మంచిదా కాదా అని అడిగే ముందు ఆ బ్లాకులో కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయా అని అడగాలి. వస్తుంటే మంచిదే.

ఇంకో సంగతి. ఇవి షియర్ వాల్ కట్టడాలు, ఇటుక గోడ కాదు, గోడంతా కాంక్రీటే. గట్టివే, కానీ మన ఎండాకాలంలో పై అంతస్తు సెగలు కక్కుతుంది. రేపు కొడుక్కి పెళ్లయితే ఇంకో గది వేసుకుందామంటే కుదరదు, గోడ కొట్టడానికీ లేదు. లిఫ్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకు మూడో అంతస్తు వస్తే అది వాళ్లకు ఇల్లు కాదు.

స్థలం విషయానికి వస్తే మనవాళ్లకు దాని మీద ఉన్న మమకారం నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. నేల మనదైతే ఇవాళ రేకులు, రేపు శ్లాబు, ఎల్లుండి పై అంతస్తు. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో 30 లక్షల మందికి పైగా పట్టాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. సెంటు అంటే 48.4 గజాలు, అంటే 435 చదరపు అడుగులు. పెద్ద సైజు టిడ్కో ఫ్లాటు మొత్తం నేల మీద పరిస్తే ఈ స్థలం నిండిపోతుంది. ఇప్పటి కూటమి ప్రభుత్వం కొత్తగా ఇచ్చేవాటికి పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు అంటోంది. ఇది మంచి మార్పు. ఒక సెంటులో మెట్లు వేస్తే గది పోతుంది.

డబ్బు సంగతి చూడండి. గత ప్రభుత్వంలో ఒక్కో ఇంటికి 1.80 లక్షలు, 20 టన్నుల ఉచిత ఇసుక, డ్వాక్రా అక్కచెల్లెళ్లకు పావలా వడ్డీకి 35 వేల లోను. 2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన పట్టణ 2.0లో సొంత స్థలం ఉన్నవాళ్లు కట్టుకోవడానికి 2.50 లక్షలు, అందులో కేంద్రానిది లక్షన్నర, రాష్ట్రానిది లక్ష. మధ్యలో ఆగిపోయిన పాత ఇళ్లకు 2025 మార్చిలో బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు.

ఈ డబ్బు ఎలా వస్తుందో తెలిస్తేనే దీని అసలు విలువ తెలుస్తుంది. ముందు మనం కట్టాలి, తర్వాత బిల్లు పడుతుంది. బేస్‌మెంట్ లేచాక, రూఫ్ లెవెల్‌కు వచ్చాక, శ్లాబు పడ్డాక వచ్చి ఫొటో తీసి జియో ట్యాగింగ్ చేస్తారు, ఆ తర్వాత ఖాతాలో పడాలి. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి. పునాది లోతుకు పోవాలి, లేకపోతే గోడలు బీటలిస్తాయి. లేఅవుట్లు పల్లంలో ఉంటే మెరక కూడా తోలించుకోవాలి. బేస్‌మెంట్ లేచేసరికే ఇంట్లో దాచుకున్నది అయిపోతుంది. మొదటి బిల్లు ఆలస్యమైతే బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. లక్ష తెస్తే నెలకు మూడు వేలు వడ్డీ. ఉంటున్న ఇంటి అద్దె ఆరు వేలు. ఇల్లు కడుతున్న ప్రతి నెలా తొమ్మిది వేలు అలా కరిగిపోతాయి. ప్రభుత్వం ఇచ్చిన లక్షల్లో ఎంత గోడలకు పోయింది, ఎంత వడ్డీకి పోయింది అని అడిగితే ఏ ఇల్లాలైనా వేళ్ల మీద లెక్క చెబుతుంది.

స్థలం తీసుకుని, ఇల్లు ప్రభుత్వమే కట్టించి ఇస్తుందని ఆ ఆప్షన్ పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఇంకా ఎక్కువ ఎదురుచూశారు, కాంట్రాక్టరు పనులు మధ్యలో వదిలేసినచోట అడిగే దిక్కు లేదు. రాజధాని అమరావతిలో పేదల ఇళ్లకని కేటాయించిన ఆర్5 జోన్‌లో 2023 మేలో పట్టాలు తీసుకున్న యాభై వేల మందికి పైగా బెజవాడ, గుంటూరు పేదల సంగతి సరే సరి. ఆగస్టులో హైకోర్టు నిర్మాణాలపై స్టే ఇచ్చింది. కాగితం బీరువాలో ఉంది, మనుషులు అద్దె ఇళ్లలోనే ఉన్నారు.

ఇక దూరం. మా పటమటలో అపార్టుమెంట్ల సందు మొదట్లో ఒక జంట ఇస్త్రీ బండి పెట్టుకుని బతుకుతున్నారు. పొద్దున్నే బొగ్గులు రాజేసి ఆయన ఇస్త్రీ చేస్తుంటే ఆమె ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి బట్టల మూటలు తెస్తుంది, సాయంత్రం ఇచ్చేసి వస్తుంది. ఎవరి చొక్కాలు ఎవరివో రాసుకోదు, ముడి చూస్తే తెలుస్తుంది. వాళ్ల ఆస్తి ఆ బండి కాదు, ఆ ఎనభై గడపల నమ్మకం. వాళ్లకు గన్నవరం వైపు ఒక ఊళ్లో స్థలం ఇచ్చి ఇల్లు కట్టుకోమంటే కట్టుకుంటారు, కానీ అక్కడ ఎవరి బట్టలు ఇస్త్రీ చేస్తారు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది, అది పెద్ద సాయమే. అయితే తెల్లవారుజామున పనికి బయల్దేరే మనిషికి ఆ వేళకు ఆ కాలనీ నుంచి బస్సు ఉందా అన్నది టికెట్టు ధర కంటే ముందు ప్రశ్న. మగవాళ్ల ఆటో ఖర్చు ఎలాగూ తప్పదు.

ఇదే లెక్క తిరగబడే చోట్లూ ఉన్నాయి. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు, హమాలీలు ఉన్న కుటుంబానికి పేరేచర్లలో స్థలం వస్తే అది వాళ్లకు దగ్గరే, నల్లపాడు దాటాక వచ్చే ఊరే. అలాంటివాళ్లు వదులుకోకూడదు.

మూడోది అద్దె సాయం. ప్రభుత్వోద్యోగికి జీతంతో పాటు ఇంటి అద్దె భత్యం వస్తుంది. ఊళ్లో ఇల్లు ఖరీదు కాబట్టి అది ఇవ్వడం న్యాయమని అందరం ఒప్పుకుంటాం. అదే ఊళ్లో పాచిపని చేసుకునే మనిషికి కూడా ఇల్లు అంతే ఖరీదు కదా. అమెరికాలో సెక్షన్ 8 అని ఒక అద్దె సాయం 1974 నుంచీ ఉంది. కుటుంబం తన ఆదాయంలో సుమారు 30 శాతం అద్దెకు పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం నేరుగా ఇంటి యజమానికి కడుతుంది. అక్కడ కూడా అర్హులందరికీ దొరకదు, వెయిటింగ్ లిస్టులు ఏళ్ల తరబడి ఉంటాయి. మన కేంద్రం 2020లో లాక్‌డౌన్ తర్వాత వలస కూలీలకు అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. చండీగఢ్, సూరత్‌లలో ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను అలా అద్దెకిచ్చారు. ఆవాస్ యోజన 2.0లోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది.

నెలకు రెండు వేలు అద్దె సాయం ఇస్తే, ఇల్లు కట్టుకోవడానికి ఇచ్చే 2.50 లక్షలతో 125 నెలలు, అంటే పదేళ్లకు పైగా ఇవ్వచ్చు. కానీ పదేళ్ల తర్వాత ఆ కుటుంబం చేతిలో ఏమీ మిగలదు. అందరికీ ఇస్తున్నారని తెలిస్తే ఓనర్లు అద్దె పెంచుతారు. పేదల అద్దెలకు అగ్రిమెంటు కాగితం ఉండటమే అరుదు, దేన్ని చూసి ఇస్తారు? డబ్బుతో తీరని బాధ ఇంకొకటుంది. అద్దె ఇంట్లో మనిషి ఆసుపత్రిలో పోతే శవాన్ని గుమ్మం ఎక్కనివ్వని ఓనర్లు ఇప్పటికీ ఉన్నారు. రోడ్డు మీద టెంటు వేసి, రాత్రంతా అక్కడే కూర్చుని, తెల్లారి సాగనంపిన కుటుంబాన్ని చూసినవాళ్లెవరూ పేదలకు అద్దె ఇల్లు చాలని అనలేరు. సొంతిల్లు కావాలని అడగడం ఆశ కాదు, అవసరం.

అందుకే అద్దె సాయాన్ని ఇంటికి బదులుగా కాదు, ఇంటికి ముందుగా ఇవ్వాలంటాను. మంజూరు పత్రం ఇచ్చిన నెల నుంచి తాళాలిచ్చే నెల దాకా, లేదా శ్లాబు పడేదాకా, నెలకు రెండు వేలు. ఏడాదిన్నరలో పని పూర్తయితే ప్రభుత్వానికి అయ్యేది 36 వేలు. ఆలస్యమయ్యే కొద్దీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి పనులు తొందరగా ముగించాలన్న ఒత్తిడి అధికారుల మీద ఉంటుంది. ఇప్పుడు ఆలస్యం ఖరీదంతా పేదవాడే కడుతున్నాడు.

నన్నడిగితే, ఊళ్లో పనిని నమ్ముకుని బతికే కుటుంబానికి నీళ్లు, కరెంటు వచ్చిన టిడ్కో ఫ్లాటే మొదటి ఎంపిక. సొంత స్థలం ఇప్పటికే ఉన్నవాళ్లు ఆలోచించకుండా 2.50 లక్షలకు దరఖాస్తు పెట్టాలి. కొత్తగా ఇచ్చే స్థలం పనికి దగ్గరైతేనే మేలు. దూరమైతే, కట్టడానికి సొంతంగా కొంత చేతిలో ఉంటేనే దిగాలి. ఏడాదికి తొమ్మిది లక్షల లోపు ఆదాయమున్న మధ్యతరగతి వాళ్లకు 2.0లో ఇంటి లోను వడ్డీ మీద 1.80 లక్షల దాకా సబ్సిడీ ఉంది, వాళ్ల దారి వేరు.

ఏది తీసుకున్నా తొందరపడకండి. కొత్త పథకంలో, గత ఇరవై ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనైనా లబ్ధి పొందినవాళ్లకు మళ్లీ రాదు. అమ్ముకుని ఇంకోచోటికి పోదామన్నా ఇచ్చిన స్థలాల మీద పదేళ్ల దాకా ఆ హక్కు ఉండదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తు వాళ్లకు 25 వేలు, పైవాళ్లకు 10 వేలు పరిహారం ఇచ్చారు. పోయిన సామాను మాత్రం ఆ డబ్బుకు రాలేదు. కాబట్టి సంతకం పెట్టేముందు ఒకసారి మంచి వాన పడిన మర్నాడు వెళ్లి ఆ స్థలం చూడండి. అక్కడినుంచి మీరు రోజూ పనికి వెళ్లే వేళకు బయల్దేరి పని చోటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే కింది అంతస్తు కావాలని వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.