మిగులు ఫ్లోరింగ్ పలకలతో మెట్లు వేయించేవాళ్ళకు: కట్టలో పై పలక చూసి డబ్బులిచ్చేయకండి

విశాఖలో ఇల్లు కట్టుకుంటూ, మెట్లకు టేకు వేయించాలని మనసు పడి, చవకలో అయిపోతుందని మిగులు ఫ్లోరింగ్ పలకల కోసం తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది చదివాక బయల్దేరండి. సరుకు, కూలి, పాలిష్, మళ్ళీ ఊడదీసి కొత్తవి వేయించడం అన్నీ కలిపి నాకు 30 వేలు దాటింది. అమ్మినతని పేరు రాయడం లేదు. నా దగ్గర పక్కా బిల్లు లేదు, ఆ కథ కింద చెప్తాను.

మాది మధురవాడలో డూప్లెక్స్. పైన గదికి రెండేళ్ళ కిందట సాలిడ్ టేకు, అంటే లోపలిదాకా ఒకే చెక్క ఉన్న ఫ్లోరింగ్ వేయించాం. ఇంట్లో మిగిలిన పలకలు లెక్కేస్తే మూడు మెట్లకు వస్తాయి. మొత్తం మెట్లు 16. మిగతా 13 మెట్లకీ అలాంటివే ఏదైనా లాటులో దొరక్కపోతాయా అన్న కక్కుర్తి దగ్గర మొదలైంది ఇదంతా.

దొరికాయి. ఏదో అపార్టుమెంటు పని అయ్యాక మిగిలిన సరుకట, అయిదు కట్టలు, సుమారు 60 చదరపుటడుగులు, అడుగు 190 రూపాయలు. పై కట్ట విప్పి ఒక పలక చేతికిచ్చాడు. బరువుగా ఉంది, తేనె రంగు, నూనె వాసన, అచ్చం మా ఇంట్లో ఉన్నదే. "అన్నీ ఇదే సరుకు సార్, విప్పితే మళ్ళీ కట్టడం కష్టం" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆటోలో వేయించుకుని ఇంటికి తెచ్చేశాను.

మా వడ్రంగి పెందుర్తి వైపు మనిషి, పని తెలిసినవాడు. ఫ్లోరింగ్ పలక 5 అంగుళాల వెడల్పే ఉంటుంది, మెట్టుకేమో 11 అంగుళాలు కావాలి. అందుకని పలకలు ఒకదాన్లో ఒకటి దూరడానికి పక్కన ఉండే నాలుకని, గాడిని రంపంతో తీసేసి, రెండు పలకలూ ఒక సన్న పట్టీ కలిపి ఫెవికాల్‌తో అతికించి, క్లాంపులు బిగించి రాత్రంతా వదిలాడు. అతుకు మెట్టు ముందు అంచుకి రాకూడదని పట్టీని వెనక్కి పెట్టాడు. ఇంట్లో ఉన్నవాటితో మూడు, కొన్నవాటిలో పై రెండు కట్టలతో అయిదు, మొత్తం ఎనిమిది మెట్లు అద్దంలా వచ్చాయి.

మూడో కట్ట విప్పిన రోజు నేను ఆఫీసులో ఉన్నాను. మధ్యాహ్నం ఫోన్. "ఇదేటి బాబూ, ఇది టేకు కాదు, టేకు తొడుగు" అన్నాడు. సాయంత్రం వెళ్ళి చూశాను. నోసింగ్, అంటే మెట్టు ముందు అంచు, గుండ్రంగా తీయడానికి దాని మీద రౌటర్ మిషను నడిపితే పైపొర కాస్తా లేచిపోయి, కింద బిస్కెట్టులాంటి గోధుమరంగు బోర్డు బయటపడింది. మా అబ్బాయి స్కేలు పెట్టి చూస్తే పైన టేకు 2 మిల్లీమీటర్లు కూడా లేదు. లోపలంతా చెక్కపీచు నొక్కి చేసిన హెచ్‌డీఎఫ్. పలక మందం కూడా పై కట్టల్లో 18 మిల్లీమీటర్లు, వీటిలో 15. దించేటప్పుడు రెండు కట్టల పలకలు పక్కపక్కన పెట్టి చూసినా తెలిసిపోయేది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. గృహప్రవేశం కాదుగానీ చెల్లెలి వాళ్ళు వస్తున్నారు, పని ఆగితే టెన్షన్. "రంగు కొట్టి పాలిష్ పెట్టేయ్, ఎవరు చూడొచ్చారు" అన్నాను. వడ్రంగి వద్దనే చెప్పాడు. నేను వినలేదు.

జులై వానలకి తేలిపోయింది. రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు మాది, ఆ తడి అంచులోంచి లోపలికి దిగింది. ముందు పైనుంచి మూడో మెట్టు అంచు వేలు పెడితే తెలిసేంత ఉబ్బింది. ఆగస్టుకి పైపొర గోరులా లేచి మా అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. పడలేదు, రెయిలింగ్ పట్టుకుని ఉంది కాబట్టి. ఆ తొడుగు పలకలతో వేసిన పై ఎనిమిది మెట్లూ ఆ వారమే ఊడదీయించాను.

ఇలా బోర్డు మీద అసలు చెక్క పొర అతికించిన పలకల్ని ఇంజనీర్డ్ ఫ్లోరింగ్ అంటారు, అది చెడ్డ సరుకని నేననను. నేల మీద పరిచినప్పుడు తేమకి సాలిడ్ కన్నా తక్కువ కదులుతుంది, మన సముద్రపు గాలికి అది మంచిదే. నేల మీద పక్క అంచు బయటికి కనపడదు కదా. మెట్టుకి అంచే ప్రాణం. అందుకే దాంతో మెట్లు వేసేవాళ్ళు నోసింగ్ ముక్క విడిగా కొని ముందు తొడుగుతారు. అలా చెప్పి అమ్మితే గొడవే లేదు. సాలిడ్ అని చెప్పి అంటగట్టడం మాత్రం మోసం.

కొనేటప్పుడు చూడాల్సింది పలక పైభాగం కాదు, చివర. సాలిడ్ చెక్కయితే పైన కనిపించే నారగీతలు అడ్డకోతలో కిందిదాకా తెగకుండా దిగుతాయి. పొరలుంటే కేకు ముక్కలా గీత కనిపిస్తుంది. చివరలకి రంగో మైనమో పూసి ఉంటే అర అంగుళం కోసి చూపించమనండి, ఒప్పుకోకపోతే కొనకండి. పలక తిప్పి వెనక్కి చూడండి, వెనక వేరే రంగు చెక్క ఉంటే అక్కడే ఆగిపోండి. అట్టపెట్టె ఉంటే దాని మీద 'ఇంజనీర్డ్', 'మల్టీలేయర్' లాంటి మాటలున్నాయేమో చదవండి. ప్రతి కట్టా విప్పించండి. మళ్ళీ కట్టడం అతని కష్టం, మనది కాదు.

తేమ సంగతి కూడా. ఏసీ గోడౌన్‌లో 8 శాతం తేమతో ఉన్న పలక మన ఊళ్ళో వానాకాలానికి 13, 14 శాతానికి చేరుతుంది. 11 అంగుళాల మెట్టు వెడల్పులో రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, పొడవులో దాదాపు ఏమీ పెరగదు. అందుకే తెచ్చిన సరుకు ఇంట్లో రెండు వారాలైనా విప్పి గాలి తగలనిచ్చి, వేసేటప్పుడు వెనక రైజర్ (మెట్టు నిలువు భాగం) దగ్గర సన్న సందు వదలాలి. కొత్త కాంక్రీటు మెట్లయితే వాటి మీద ఒక అడుగు పాలిథిన్ షీటు ముక్క నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి, లోపల చెమ్మ పడితే ఇంకా తొందరపడకూడదు. బీచ్ దగ్గర ఇళ్ళయితే స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

ఇంకొకటి నేను అసలు ఆలోచించలేదు. అన్ని మెట్ల మీదా ఒకే మందం వేస్తే మధ్య మెట్ల ఎత్తు మారదు. మొదటిదీ చివరిదీ మారతాయి. మావి ఒక్కోటీ 165 మిల్లీమీటర్లు ఉండేవి. పలక, గమ్ము కలిపి 20 పెరిగేసరికి మొదటి అడుగు 185 అయింది, పైన చివరి అడుగు 145కి దిగింది. ఇళ్ళలో మెట్టు ఎత్తు 190 దాటకూడదని జాతీయ భవన నియమావళి చెప్తుంది, ఆ లెక్కన మేం పాసే. కానీ కాళ్ళు నియమావళి చదవవు. అమ్మ ఇప్పటికీ పైమెట్టు దగ్గర లేని ఎత్తు ఎక్కబోయి ధన్‌మని కాలు వేస్తుంది.

ఇక బిల్లు. నాకిచ్చింది చేతిరాత చీటీ, 'చెక్క పలకలు, 11,400' అని, సంతకం కూడా లేదు. అడగడానికి వెళ్తే "మిగులు సరుకు సార్, వాపసు ఉండదు" అన్నాడు. తర్వాత తెలుసుకున్నదేంటంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకు వాపసుకి బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. నాకు విషయం తెలిసింది మూడో కట్ట విప్పిన రోజే, అప్పటికి కొని 12 రోజులు. ఆ రోజే ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపి ఉంటే చేతిలో ఏదో ఒకటి ఉండేది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడతారు. 'సాలిడ్ టేకు, 18 మిల్లీమీటర్లు, ఇన్ని అడుగులు' అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఆ సరుకేంటో మీకు అర్థమైపోతుంది.

ఊడదీసిన ఎనిమిదింటి స్థానంలో సా మిల్లు నుంచి సాలిడ్ టేకు కోయించి వేయించాను. రంగు కింది ఎనిమిదింటితో పూర్తిగా కలవలేదు, చూసేవాళ్ళకి తెలుస్తుంది. పాత మెట్టు నుంచి కోసిన ముక్క ఒకటి చెప్పుల స్టాండు మీద పెట్టుకున్నాను, మూడు పొరలూ స్పష్టంగా కనిపిస్తాయి. మధురవాడ, పీఎం పాలెం చుట్టుపక్కల ఎవరైనా టింబర్ డిపోకి వెళ్తూ పోల్చి చూసుకోడానికి కావాలంటే అడగండి, ఇస్తాను.